కారు దించారు సరే, టో చూపించారా?

కారు దించిన రోజు అందరూ తీసే ఫొటో ఒకటే. పక్కనుంచి, కొంచెం వంగి. టైరుకీ ఫెండర్‌కీ మధ్య నాలుగు వేళ్లు పట్టే సందు ఇప్పుడు రెండు వేళ్లకొచ్చింది. బాగుంటుంది, కాదనను. కానీ ఆ ఫొటోలో ఎప్పుడూ పడనిది ఒకటుంది: టైరు లోపలి అంచు. దించిన కారు మన జేబుకి చిల్లు పెట్టేది అక్కడే.

ఈ వారం దాని సంగతే చెప్పుకుందాం. లోయరింగ్ స్ప్రింగ్స్ వేశాక వీల్ అలైన్‌మెంట్‌లో ఏం మారుతుంది? క్యాంబర్ సరిచేయించాలా, వద్దా? షాపులో ఏం అడగాలి? అసలు మాట ముందే చెప్పేస్తా. అందరి కళ్లూ క్యాంబర్ మీదే ఉంటాయి. టైరుని తినేది మాత్రం చాలాసార్లు టో.

మూడు పదాలు, మూడు నిమిషాలు

కారుకి ఎదురుగా నిలబడి చక్రాన్ని చూడండి. నిట్టనిలువుగా ఉందా, వాలి ఉందా? ఆ వాలే క్యాంబర్. చక్రం పైభాగం కారు లోపలికి వాలితే నెగటివ్, బయటికి వాలితే పాజిటివ్. జపాన్‌లో కొందరు చక్రాలను మరీ లోపలికి పడుకోబెట్టేస్తారు. దాన్ని వాళ్లు ‘ఓనిక్యాన్’ అంటారు, అంటే రాక్షస క్యాంబర్. మన ఫోన్లలో రీల్స్‌లో తిరిగే కార్లు అవే.

టో అర్థం కావాలంటే మీ పాదాలు చూసుకోండి. రెండు బొటనవేళ్లూ ఒకదానివైపు ఒకటి తిరిగితే టో ఇన్. బయటికి తిరిగితే టో అవుట్. చక్రాలను పైనుంచి చూసినా లెక్క ఇదే. ఇంగ్లిష్‌లో టో అంటే కాలి వేలే కదా.

మూడోది క్యాస్టర్. సైకిల్ ముందు ఫోర్క్ నిటారుగా ఉండదు, కాస్త వాలుగా ఉంటుంది. అందుకే చేతులు వదిలినా సైకిల్ కొంతదూరం తిన్నగా పోతుంది. కారులోనూ ఆ వాలు ఉంటుంది. చాలా మామూలు కార్లలో దాన్ని మార్చే ఏర్పాటు ఉండదు కాబట్టి ఇవాళ్టికి పక్కన పెడదాం.

దించితే లోపల జరిగేది

మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే స్విఫ్ట్‌నే తీసుకుందాం. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్, వెనక టోర్షన్ బీమ్. స్ట్రట్ అంటే స్ప్రింగూ షాకబ్జార్బరూ కలిసిన నిలువు కాడ. కింద చక్రాన్ని పట్టుకునేది లోయర్ ఆర్మ్. పక్కనుంచి చక్రాన్ని తిప్పేది టై రాడ్.

పొట్టి స్ప్రింగ్ వేస్తే బాడీ కిందికొస్తుంది. బాడీతో పోల్చి చూస్తే చక్రం పైకెళ్లినట్టు. అప్పుడు లోయర్ ఆర్మ్ బయటి కొస కూడా పైకి లేస్తుంది. మామూలుగా అది కొంచెం కిందికి వాలి ఉంటుంది కాబట్టి, లేచే కొద్దీ చక్రం అడుగుభాగాన్ని బయటికి నెడుతుంది. పైభాగం లోపలికి వాలినట్టు అవుతుంది. అదే మనకి కనిపించే నెగటివ్ క్యాంబర్.

టై రాడ్ కూడా అదే సమయంలో కదులుతుంది. కానీ దాని పొడవు వేరు, అది కదిలే మూల వేరు. స్కూల్లో కంపాస్‌తో గీసిన వృత్తాలు గుర్తు తెచ్చుకోండి. రెండు వేరువేరు కొలతలతో చాపాలు గీస్తే మొదట్లో కలిసి నడుస్తాయి, పోనుపోను విడిపోతాయి. ఇక్కడా అంతే. ఆర్మ్ ఒక చాపం మీద, టై రాడ్ ఇంకో చాపం మీద వెళ్తాయి. ఆ తేడా చక్రాన్ని కాస్త తిప్పేస్తుంది. టో మారిపోయింది! లోపలికా, బయటికా అన్నది స్టీరింగ్ రాక్ ఎక్కడుందన్న దాన్ని బట్టి ఉంటుంది. మారడం మాత్రం ఖాయం.

వెనక టోర్షన్ బీమ్ కాబట్టి అక్కడ గొడవ తక్కువ. రెండు చక్రాలూ ఒకే దూలానికి బిగించి ఉంటాయి, కోణాలు పెద్దగా మారవు. అదే పాత హోండా సివిక్ లాంటి కారయితే, వెనక విడివిడి ఆర్మ్‌లు ఉంటాయి. దించితే వెనక చక్రాలు కూడా వాలిపోతాయి. మీ కారు ఏ రకమో తెలియకుండా స్ప్రింగ్స్ కొనొద్దని అందుకే అంటాను.

32 కిలోమీటర్లు అడ్డంగా

సంక్రాంతికి విజయవాడ వెళ్లినప్పుడు మా పిన్ని కొడుకు తన స్విఫ్ట్ చూపించాడు. 40 మిల్లీమీటర్లు దించాడు. అప్పటికి 5,000 కిలోమీటర్లు తిరిగింది.

“అన్నా, స్టీరింగ్ నిలబడట్లేదు. రోడ్డు మీద గాడి ఎటుంటే అటు పోతోంది. రేపు అమ్మని హైదరాబాద్ తీసుకెళ్లాలి, కంటి ఆపరేషన్‌కి” అన్నాడు.

“అలైన్‌మెంట్ చేయించావా?”

“చేయించా కదా. అన్నీ గ్రీనే. ఇదిగో, స్క్రీన్ ఫొటో.”

ఫొటోలో నిజంగానే అన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి, ముందు క్యాంబర్ తప్ప. అది మాత్రం ఎర్రగా ఉంది. “ఇది తర్వాత జాకీ పెట్టి వంచి సరిచేశారన్నా” అన్నాడు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పించి, ఫోన్ ఫ్లాష్ వేసి టైరు వెనక్కి చూశాను. బయటి సగం కొత్తదానిలా ఉంది. లోపలి అంచున రబ్బరు పోయి తీగ కనిపిస్తోంది. ఆ టైర్లతో హైవే మీద 275 కిలోమీటర్లు!

పిన్నిని మర్నాడు బస్సెక్కించాం. మేమిద్దరం ఆటోనగర్ వెళ్లాం. అక్కడో పెద్దాయన, లారీల చక్రాలకి దారం కట్టి టో చూసిన తరం మనిషి. మెషిన్ ఎక్కించకముందే చాక్‌పీస్‌తో రెండు ముందు టైర్ల మీద గీతలు గీసి, టేపుతో ముందువైపు దూరం కొలిచారు. వెనకవైపు కొలిచారు. తేడా 8 మిల్లీమీటర్లు, బయటికి.

“బాబూ, ముందు టో కట్టి తర్వాత క్యాంబర్ వంచితే టో ఎక్కడుంటుంది? ఇల్లు కట్టాక పునాది జరిపినట్టు” అన్నారాయన.

8 మిల్లీమీటర్లంటే ఎంత అనిపిస్తుందా? లెక్క వేద్దాం. ఒక్కో చక్రానికి 4. ఆ కారు టైరు 185/65 ఆర్15, అంటే వ్యాసం సుమారు 621 మిల్లీమీటర్లు. 4ని 621తో భాగించండి. కారు తిన్నగా కిలోమీటరు వెళ్తే, ఒక్కో ముందు టైరూ దాదాపు 6.4 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోయినట్టు. అదే టోతో 5,000 కిలోమీటర్లు తిరిగిందనుకుంటే 32 కిలోమీటర్లు. చెప్పు అడ్డంగా ఈడుస్తూ 32 కిలోమీటర్లు నడిస్తే అడుగు మిగులుతుందా?

వాడి క్యాంబర్‌కి ఇందులో పాత్ర లేదా అంటే ఉంది. చక్రం లోపలికి వాలడం వల్ల బరువంతా లోపలి అంచు మీద పడింది. టో ఆకురాయిలా రాపాడింది, క్యాంబర్ ఆ రాపిడి ఎక్కడ పడాలో చూపించింది. రెండూ కలిస్తేనే ఇంత వేగంగా టైరు పోతుంది. టో సరిగ్గా ఉండి క్యాంబర్ ఒకటిన్నర డిగ్రీ నెగటివ్‌లో ఉన్న కారు చక్కగా తిరుగుతుంది. లోపలి అంచు కాస్త ముందు అరుగుతుంది, అంతే. అప్పుడప్పుడూ టైర్లు మార్చి వేసుకుంటే సర్దుకుపోతుంది.

క్యాంబర్ సరిచేసే దారులు

మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న చాలా కార్లకి కంపెనీ క్యాంబర్ అడ్జస్ట్‌మెంట్ ఇవ్వదు. మరి ఏం చేస్తారు?

ఒకటి, క్యాంబర్ బోల్ట్. స్ట్రట్ కింద చక్రం నకుల్‌కి రెండు బోల్టులతో బిగించి ఉంటే, అందులో ఒకటి తీసి మధ్యలో ఉబ్బున్న బోల్ట్ వేస్తారు. దాన్ని తిప్పితే చక్రం వాలు మారుతుంది. సాధారణంగా ఒకటి, ఒకటిన్నర డిగ్రీ దాకా అందుతుంది. ఖర్చు తక్కువ. ఈ బోల్ట్ అసలు దానికన్నా సన్నగా ఉంటుంది కాబట్టి టార్క్ రెంచ్‌తో, తయారీదారు చెప్పిన బిగువుకే బిగించాలి. కొన్ని కార్లలో స్ట్రట్ నేరుగా నకుల్‌లోకి దిగి బిగుసుకుంటుంది, అలాంటి వాటికి ఇది కుదరదు.

రెండు, క్యాంబర్ ప్లేట్. బానెట్ తెరిస్తే కనిపించే స్ట్రట్ పైకప్పు దగ్గర వేసేది. పైకొసను లోపలికీ బయటికీ జరపొచ్చు. ట్రాక్ మీదకెళ్లే వాళ్లకి బాగుంటుంది. రబ్బరు బదులు బేరింగ్ ఉండే రకాలైతే రోజువారీ తిరుగుడికి చప్పుడు ఎక్కువ.

మూడు, స్ట్రట్ రంధ్రాన్ని అరగదీసి పొడుగు చేయడం. దీన్ని నేను రోడ్డు కారుకి చెప్పను. ఆ బోల్ట్ కొంచెం జారినా క్యాంబర్, టో రెండూ ఒకేసారి పోతాయి.

నాలుగు, హైడ్రాలిక్ జాకీతో వంచడం. మన దగ్గర చాలా షాపుల్లో ‘క్యాంబర్ కట్టడం’ అంటే ఇదే. దెబ్బతిని ఒంగిన భాగాన్ని మార్చాలి, బాగున్నదాన్ని ఒంచకూడదు. స్ట్రట్ లోపల సన్నని రాడ్ తిన్నగా జారుతూ ఉండాలి. కాడ ఒంగితే ఆ రాడ్ ఒక పక్క ఒరుసుకుంటుంది, సీల్ పోతుంది, ఆయిల్ కారుతుంది. మా తమ్ముడి కారులో కుడివైపు స్ట్రట్‌కి జరిగింది సరిగ్గా ఇదే.

ఆఖరికి వాడు రెండు టైర్లు, ఒక స్ట్రట్, రెండు క్యాంబర్ బోల్టులు కొన్నాడు. పెద్దాయన క్యాంబర్‌ని రెండు వైపులా సుమారు 1.2 డిగ్రీల నెగటివ్‌లో సమానంగా ఉంచారు. జీరోకి తేలేదు. టోని మాత్రం దాదాపు జీరోకి తెచ్చారు. “వాలు ఉండనీ బాబూ, రెండు పక్కలా ఒకేలా ఉంటే చాలు” అన్నారు. నిజమే. ఎడమకీ కుడికీ అర డిగ్రీ దాటి తేడా ఉంటేనే కారు ఒక పక్కకి లాగడం మొదలెడుతుంది.

ఇంకా దించితే ఇంకా బాగా తిరుగుతుందా?

ఈ నమ్మకం సగమే నిజం. 25, 30 మిల్లీమీటర్ల దాకా దించితే గురుత్వ కేంద్రం కిందికొస్తుంది, గట్టి స్ప్రింగ్ వల్ల కారు ఊగడం తగ్గుతుంది. బాగానే ఉంటుంది. ఇంకా దించితే లోయర్ ఆర్మ్ అడ్డంగా ఉండే గీతను దాటి, బయటి కొస పైకి తిరుగుతుంది. అక్కడి నుంచి కథ తిరగబడుతుంది. మలుపులో కారు ఒరిగినప్పుడు బయటి చక్రానికి నెగటివ్ క్యాంబర్ పెరగాల్సింది పోయి, తగ్గడం మొదలవుతుంది. దానికి తోడు రోల్ సెంటర్ అనే బిందువు గురుత్వ కేంద్రం కన్నా వేగంగా కిందికి దిగిపోతుంది. ఫలితంగా కారు ఇంకా ఎక్కువ ఒరగాలని చూస్తుంది. అంటే మరీ దించిన కారు చూడ్డానికి రేస్ కారు, మలుపులో మాత్రం కాదు.

నేల సంగతి కూడా చూడాలి. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు. 40 తీస్తే 123. అందులో నలుగురు కూర్చుంటే ఇంకా తగ్గుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే స్పీడ్ బ్రేకర్ ఎత్తే 100 మిల్లీమీటర్లు. మన కాలనీల్లో రాత్రికి రాత్రి పోసే సిమెంటు దిబ్బలు ఆ పుస్తకం చదివి పోసినవి కావు.

చట్టం కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్‌లో, అనుమతి లేని ప్రతి మార్పుకీ యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. స్ప్రింగ్స్ కొనేముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి. ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పండి. క్లెయిమ్ రోజున తెలిస్తే కష్టం.

షాపులో ఇవి అడగండి

దించే ఖర్చులో అలైన్‌మెంట్ ఖర్చు కలిపే లెక్క వేసుకోండి. అది వేరే పని కాదు, ఆ పనిలో ఆఖరి భాగం.

స్ప్రింగ్స్ వేసిన రోజే ఒకసారి టో కట్టించండి. స్ప్రింగ్స్ కొంచెం సర్దుకుంటాయి కాబట్టి రెండు వారాలయ్యాక మళ్లీ చూపించండి.

లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులు, కారు చక్రాల మీద నిలబడ్డాకే ఆఖరి బిగింపు బిగించమనండి. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దించగానే బుష్ రబ్బరు మెలితిరిగి తొందరగా చిరుగుతుంది.

ర్యాంపు ఎక్కించేముందు గాలి సరిచూడాలి. బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు ఊగుతున్నాయేమో చూడాలి. ఊగే జాయింట్ మీద కట్టిన అలైన్‌మెంట్ మొదటి గుంత దాకే.

వరస ముఖ్యం: మొదట వెనక చక్రాలు, తర్వాత ముందు క్యాంబర్, అందరికన్నా చివర ముందు టో. క్యాంబర్ ముట్టుకున్న ప్రతిసారీ టో మళ్లీ చూడాల్సిందే.

రంగు కాదు, అంకె చూడండి. మెషిన్‌లో ఆకుపచ్చ అనేది కంపెనీ ఎత్తులో ఉన్న కారు కోసం పెట్టిన హద్దు. దించిన కారుకి క్యాంబర్ ఎర్రగా ఉండొచ్చు, టో మాత్రం ఆ హద్దులోనే ఉండాలి. ముందూ తర్వాతా ఉన్న రెండు ప్రింట్లూ అడిగి తీసుకోండి. అన్ని మార్పులూ అయ్యాక తీసిందే అసలు ప్రింట్.

మీ ఫోనే మీ మొదటి మెషిన్

నెలకోసారి స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ఫ్లాష్ వేసి టైరు లోపలి అంచు ఫొటో తీయండి. పోయిన నెల ఫొటో పక్కన పెట్టి చూడండి. టైరు గాడుల మధ్య చిన్న దిబ్బలుంటాయి, 1.6 మిల్లీమీటర్ల గుర్తు అవి. రబ్బరు వాటికి సమానమైతే టైరు అయిపోయినట్టే, ఒక్క అంచున అయినా సరే.

తర్వాత టైరు మీద అరచెయ్యి అడ్డంగా, అటూ ఇటూ రాయండి. ఒక దిక్కుకి నున్నగా, తిరుగు దిక్కుకి రంపంలా తగిలితే అది టో పని. రెండు దిక్కులా నున్నగానే ఉండి లోపలి అంచు మాత్రమే అరిగితే క్యాంబర్ పని. లోపల తీగ కనిపించే టైరు అయితే చెయ్యి పెట్టకండి, కోసుకుంటుంది.

ఫోన్‌లో లెవెల్ యాప్ ఉంటే క్యాంబర్ కూడా సుమారుగా చూడొచ్చు. స్టీరింగ్ తిన్నగా పెట్టి, రిమ్ పై అంచుకీ కింది అంచుకీ ఆనేలా ఒక తిన్నని స్కేలు నిలువుగా పెట్టండి. టైరు ఉబ్బు తగలకూడదు. దానికి ఫోన్ ఆనించి అంకె రాసుకోండి. నేల వాలుగా ఉంటే లెక్క తప్పుతుంది కాబట్టి, కారుని అదే చోట వెనక్కి తిప్పి నిలిపి మళ్లీ చూసి, సగటు తీయండి. ఇది షాపు మెషిన్‌కి బదులు కాదు. ఎడమకీ కుడికీ పెద్ద తేడా ఉంటే మాత్రం పట్టించేస్తుంది.

అలైన్‌మెంట్‌కి అయ్యేది కొన్ని వందలు, టైర్ల జతకి వేలు. దించాలనుకుంటే కాస్తే దించండి. టో ఆఖర్న కట్టించి, ఆ ప్రింట్ డాష్‌బోర్డులో పెట్టుకోండి. ఈ ఆదివారం పది నిమిషాలు దొరికితే, ఆ లోపలి అంచు ఫొటో ఒకటి తీసి చూసుకోండి.